ఎనిమిది కేజీల గాలి, ఏడు క్వింటాళ్ల జిగురు

హైదరాబాద్ నుంచి వరంగల్ వచ్చే దారిలో, జనగామకు కాస్త ముందు పెంబర్తి ఉంటుంది. ఇత్తడి రేకు మీద ఉలితో, సుత్తితో దేవతామూర్తుల్నీ హంసల్నీ తీగల్నీ ఉబ్బెత్తుగా తేల్చే ఊరు. చూడవచ్చినవాళ్లంతా పైనున్న నగిషీని చూస్తారు. నా కన్ను మాత్రం రేకు కిందనున్న లక్క మీద పడుతుంది. ఉలి దెబ్బకు రేకు పక్కకు జరగకూడదు, దెబ్బ తగిలిన మేర మాత్రం లోపలికి దిగాలి. లక్క ఆ రెండు పనులూ చేస్తుంది. వేడి చేస్తే మెత్తబడి రేకును అంటుకుంటుంది, చల్లారితే బిగుస్తుంది, పనయ్యాక మళ్లీ వేడి చూపిస్తే వదిలేస్తుంది.

ఆ వదిలేసే గుణమే లక్కకు విలువ. ఒక గొట్టాన్ని మరో గొట్టానికి అతకాల్సి వస్తే అదే గుణం పనికిరాదు. అందుకే లోహానికి లోహం అతికేటప్పుడు మనవాళ్లు జిగురును నమ్మలేదు. బిందె చిల్లుపడితే మాటు వేశారు. ఫ్రిజ్ మెకానిక్ రాగి గొట్టాన్ని మంట పెట్టి బ్రేజింగ్ చేస్తాడు, లేదా ఫ్లేర్ నట్టు బిగిస్తాడు. నల్లా పనివాడు పైపుకు మరలు కోసి టెఫ్లాన్ టేపు చుడతాడు. లోపల ఒత్తిడితో నీరో గాలో ఉన్నచోట లోహాన్ని లోహమే పట్టుకోవాలన్నది పాత తీర్పు. జిగురు ఆ తీర్పును ప్రశ్నించి ఎనిమిది దశాబ్దాలే అయింది.

ప్రశ్నించింది ఎపాక్సీ. దాని పుట్టుక కట్టుడు పళ్ల కోసం జరిగింది. స్విట్జర్లాండ్‌లో పియరీ కాస్తాన్ అనే రసాయనవేత్త 1930ల చివర్లో పళ్ల సెట్లకు పనికొచ్చే పదార్థం కోసం వెతుకుతూ దీన్ని తయారుచేశాడు. దంతవైద్యంలో అది పెద్దగా నిలవలేదు. హక్కులు తీసుకున్న సీబా కంపెనీ 1946లో అరాల్డైట్ పేరుతో లోహాల జిగురుగా బయటపెట్టింది. ఇవాళ మన హార్డ్‌వేర్ దుకాణాల్లో దొరికే రెండు ట్యూబుల అరాల్డైట్, ముద్దలా పిసికి పెట్టే ఎంసీల్, రెండూ ఎపాక్సీలే. రెండూ ఇప్పుడు ఫెవికాల్ కంపెనీ పిడిలైట్ చేతిలోనే ఉన్నాయి: ఎంసీల్‌ను 2000లో, అరాల్డైట్ భారత వ్యాపారాన్ని 2020లో కొనుక్కుంది. పోటీ పడుతున్నాయనుకునే పొట్లాలు ఒకే ఇంటివి!

రెండు ట్యూబులెందుకంటే, ఇది ఆరి గట్టిపడే జిగురు కాదు, చర్య జరిగి గట్టిపడేది. రెజిన్ అణువు కొసల్లో రెండు కార్బన్లు, ఒక ఆక్సిజన్ కలిసి చిన్న ముక్కోణపు వలయంగా ఉంటాయి. ముగ్గురూ ఇరుక్కుని కూర్చున్న ఆ వలయం తెరుచుకోవడానికి సాకు వెతుకుతుంటుంది. హార్డెనర్‌లోని అమైన్ ఆ సాకు. దానికున్న ఒక్కో హైడ్రోజన్ ఒక్కో వలయాన్ని తెరిచి కట్టుకుంటుంది. నాలుగు వైపులా అలా కట్టుకుంటూ పోతే చివరికి అతుకులోని జిగురంతా దాదాపు ఒకే మహా అణువు. ఆవిరై పోయేది ఏమీ ఉండదు కాబట్టి పెద్దగా కుంచించుకుపోదు, లోపల బుడగలు మిగలవు. మళ్లీ వేడి చేసినా లక్కలా కరిగి కారదు. హార్డెనర్ ఎక్కువేస్తే గట్టిగా పట్టుకుంటుందని కొందరి నమ్మకం. అది తప్పు. జోడీ దొరకని అణువులు మిగిలిపోయి అతుకును మెత్తబరుస్తాయి. పొట్లం మీది పాళ్లు మీరకూడదు.

ఇక మన ప్రశ్న. హన్మకొండలో ఒక ఇంజనీరింగ్ కుర్రాడు నీటి రాకెట్‌కు లాంచరు కడుతున్నాడనుకుందాం. సగం నీళ్లు పోసిన కూల్‌డ్రింక్ సీసాలోకి సైకిల్ పంపుతో గాలి కొట్టి ఎగరేసే ఆట. పంపు గొట్టం నుంచి సీసా మూతి దాకా సన్నని అల్యూమినియం గొట్టం, దాని రెండు కొసలకు ఇత్తడి నిపిళ్లు. బ్రేజింగ్ చేయిద్దామంటే అల్యూమినియాన్ని ఇత్తడికి అతికే మెకానిక్ దొరకడు, దొరికినా మంట వేడికి పల్చటి గొట్టం నిలవదు. మరలు కోద్దామంటే గొట్టం గోడ ఒక మిల్లీమీటరే. మిగిలింది అరాల్డైట్. పట్టుకుంటుందా?

లెక్క వేద్దాం. పీడనాన్ని మన షెడ్డుల్లో కేజీల్లోనే చెప్పుకుంటారు, అంటే చదరపు సెంటీమీటరుకు ఇన్ని కేజీలని. పది కేజీల గాలి అనుకుందాం, సైకిల్ పంపు ఆట కంటే చాలా ఎక్కువే. గొట్టం బయటి వ్యాసం ఒక సెంటీమీటరు. దాని అడ్డుకోత వైశాల్యం 0.785 చదరపు సెంటీమీటర్లు. కాబట్టి గొట్టాన్ని ఫిట్టింగ్ నుంచి బయటికి తోసే బలం దాదాపు 8 కేజీలు. గొట్టం ఫిట్టింగ్ లోపలికి ఒకటిన్నర సెంటీమీటర్లు దిగి ఉంటే జిగురు అంటుకున్న వైశాల్యం 4.7 చదరపు సెంటీమీటర్లు. శుభ్రంగా తయారుచేసిన లోహం మీద మంచి ఎపాక్సీ చదరపు సెంటీమీటరుకు 150 కేజీల జారుడు బలాన్ని ఓర్చుకుంటుంది. మొత్తం 700 కేజీలు. వరంగల్ ఎనుమాముల మార్కెట్ భాషలో ఏడు క్వింటాళ్లు.

ఎనిమిది కేజీల తోపుకు ఏడు క్వింటాళ్ల పట్టు. ఎనభై రెట్లకు పైగా! కాగితం మీద ఈ అతుకు ఊడే ప్రసక్తే లేదు. కానీ ఊడుతుంది. ఇలా అతికిన గొట్టాలు చాలానే ఊడతాయి. ఈ అధ్యాయమంతా ఆ ఎనభై రెట్లు ఎక్కడికి పోతాయో వెతకడమే.

మొదటి దొంగ మన చెయ్యి. ముప్ఫై సెంటీమీటర్ల గొట్టం కొసను పొరపాటున ఐదు కేజీల బలంతో పక్కకు తోశామనుకోండి. ఒకటిన్నర సెంటీమీటర్ల అతుకు దగ్గర అది మీట సూత్రంతో పెరిగి, రెండు అంచుల మీద ఒక్కోచోట దాదాపు 100 కేజీల బలమై కూర్చుంటుంది. అదీ వైశాల్యమంతా పరుచుకుని కాదు, ఫిట్టింగ్ పెదవి దగ్గరే. గోడ మీద సినిమా పోస్టరును మొత్తంగా ఒక్కసారి లాగితే రాదు, మూల పట్టుకుని ఒలిస్తే సునాయాసంగా వస్తుంది. ఎపాక్సీ కూడా జారుడుకు భీముడు, ఒలుపుకు పసివాడు. గాలి పీడనం అతుకును జారుడుగా లాగుతుంది, అందులో అది గెలుస్తుంది. చెయ్యి, కుదుపు, వేలాడే బరువు ఒలుస్తాయి.

నిజానికి జారుడులో కూడా బలం సమానంగా పంచుకోబడదు. వోల్కర్సన్ అనే జర్మన్ ఇంజనీరు 1938లోనే దీన్ని లెక్కగట్టాడు. లోహం కాస్త సాగుతుంది కాబట్టి భారమంతా అతుకు రెండు కొసల మీద పడుతుంది, మధ్యభాగం దాదాపు ఖాళీగా కూర్చుంటుంది. కాబట్టి గొట్టాన్ని రెట్టింపు లోతుకు దింపితే బలం రెట్టింపు కాదు. ఒక హద్దు దాటాక పెంచిన పొడవు జిగురు ఖర్చే.

ఇది తెలిసినవాళ్లు జిగురును ఒంటరిగా వదలలేదు. ఇటలీలో 1972లో మొదలైన అలాన్ కంపెనీ అల్యూమినియం సైకిల్ ఫ్రేములు తయారుచేసినప్పుడు గొట్టాలకు మరలు కోసి, జిగురు పూసి, అతుకు ముక్కల్లోకి తిప్పి బిగించింది. 1996లో వచ్చిన లోటస్ ఎలీస్ కారు ఛాసిస్ అల్యూమినియం పట్టీల్ని ఎపాక్సీతో అతికి, ఓవెన్‌లో కాల్చి చేసినది. అక్కడ కూడా కొసల దగ్గర స్క్రూలు దింపారు. బలం కోసం కాదు, ఒలుపు మొదలుకాకుండా ఆపడానికి. మన కుర్రాడికి దీన్నుంచి దొరికేది: గొట్టాన్ని అతుకుకు రెండంగుళాల దూరంలో చెక్కకు క్లాంపుతో బిగించు. పది రూపాయల క్లాంపు ఒలుపును అతుకు దాకా రానివ్వదు.

రెండో దొంగ కంటికి కనబడదు. జిగురు లోహానికి అంటుకుంటుందని మనం అంటాం గానీ, అది అంటుకునేది లోహం మీదున్న దానికి. కొత్త గొట్టం మీద తయారీ నాటి నూనె ఉంటుంది, దాని మీద మన వేలిముద్రలు, తలకు రాసుకున్న కొబ్బరినూనె చేతినుంచి చేరిందీ ఉంటుంది. ముందు నూనె తియ్యాలి, తర్వాత ఎమరీ కాగితంతో గరుకు చెయ్యాలి, మళ్లీ తుడవాలి. చాలామంది నేరుగా రుద్దేస్తారు. అప్పుడు నూనెను గీతల్లోకి కుక్కినట్టే అవుతుంది. తుడవడానికి ఎసిటోన్, తెల్లని గుడ్డ. దగ్గర్లో నిప్పు ఉండకూడదు, కిటికీలు తెరిచి ఉండాలి. శుభ్రమైందో లేదో తెలుసుకోవడానికి పైసా ఖర్చులేని పరీక్ష ఉంది: గొట్టం మీద నీళ్లు పోయండి. నీరు పల్చటి పొరలా విడిపోకుండా పరుచుకుంటే శుభ్రం. చుక్కలు చుక్కలుగా ముడుచుకుంటే నూనె ఇంకా ఉంది. విమాన కర్మాగారాల్లో కూడా చేసే పరీక్షే ఇది. ఆ నీరు పూర్తిగా ఆరాకే జిగురు పూయాలి.

అల్యూమినియం గీకిన క్షణాల్లోనే పల్చటి ఆక్సైడ్ పొర తొడుక్కుంటుంది. ఆ పొర గట్టిదే, జిగురుకు ఇష్టమైనదే. కానీ నెలల తరబడి తేమ చేరితే అది హైడ్రాక్సైడుగా ఉబ్బి జిగురును కింద నుంచి లేపుతుంది. నీటి రాకెట్ అతుకు ఎప్పుడూ తడిసేదే కదా. రాగి, ఇత్తడి ఇంకా మొండివి. వాటి చిలుము పొర లోహానికే సరిగా అంటుకోదు, దాని మీద జిగురు ఎంత పట్టుకుంటే ఏం లాభం? వాటిని గీకిన వెంటనే, అదే పూట అతికేయాలి.

ఫిట్టింగ్‌లోకి గొట్టాన్ని సుత్తితో కొట్టి బిగువుగా దింపడం మంచిదనుకునేవాళ్లకు ఒక మాట. అలా చేస్తే అంచు జిగురునంతా గీకేస్తుంది, పొడి అతుకు మిగులుతుంది. ఎపాక్సీకి 0.1 నుంచి 0.2 మిల్లీమీటర్ల చోటు కావాలి. ఇంట్లో పాత ఫ్లెక్సిబుల్ వైరు విప్పితే సుమారు 0.2 మిల్లీమీటర్ల రాగి పోగులు దొరుకుతాయి. మూడింటిని గొట్టం చుట్టూ సమదూరంలో నిలువుగా పెడితే గొట్టం నడిమధ్యలో నిలుస్తుంది. జిగురును ఫిట్టింగ్ లోపల కంటే గొట్టం మీద ఎక్కువ పూయాలి. లోపల పూస్తే గొట్టం దాన్ని ముందుకు నెట్టుకుంటూ పోయి దారి మూసేస్తుంది. తిప్పుతూ దింపితే ఇరుక్కున్న గాలి పోతుంది.

మూడో దొంగ వరంగల్ ఎండ. దీని గురించి స్విట్జర్లాండ్‌లోనో జర్మనీలోనో రాసిన పొట్లం కాగితాలు సరిగా చెప్పవు. గట్టిపడిన ఎపాక్సీ కరగదని పైన అన్నాను. కరగదు గానీ మెత్తబడుతుంది. ప్రతి ఎపాక్సీకి ఒక ఉష్ణోగ్రత ఉంటుంది. దానికి కింద గాజులా బిరుసుగా, పైన తోలులా సాగేలా మారుతుంది. గది వేడిలో గట్టిపడిన మామూలు ఎపాక్సీలకు అది సాధారణంగా 50, 60 డిగ్రీల దగ్గరే. మే నెలలో ఇక్కడ నీడలోనే 44 డిగ్రీలు వింత కాదు. మిద్దె మీద ఎండకు పెట్టిన లోహపు గొట్టం 60 దాటుతుంది. అంటే పొద్దున ఏడు క్వింటాళ్లు మోసిన అతుకు మధ్యాహ్నానికి అందులో చిన్న భాగమే మోస్తుంది. పైగా ఎపాక్సీ వేడికి అల్యూమినియం కంటే రెండు రెట్లకు పైగా, ఉక్కు కంటే నాలుగైదు రెట్లు వ్యాకోచిస్తుంది. ఎండకూ రాత్రికీ మధ్య రోజూ అతుకు అంచుల్లో చిన్న పెనుగులాట.

ఐదు నిమిషాల్లో బిగిసే రకాలు ఇక్కడ మరీ బలహీనం. వాటి హార్డెనర్ సాధారణంగా గంధకం ఉన్న మెర్కాప్టాన్ జాతిది, వేడికీ తేమకూ తొందరగా లొంగుతుంది. పీడనం ఉన్నచోట అవి వద్దు. రాత్రంతా తీసుకునే నిదానపు రకమే వాడాలి.

అయితే ఇదే ఎండతో పని చేయించుకోవచ్చు. ఎపాక్సీ గట్టిపడే కొద్దీ లోపలి అణువులకు కదిలే వీలు తగ్గి, చర్య సగంలో నిలిచిపోతుంది. చుట్టూ వేడి పెంచితే మళ్లీ కదిలి మిగిలిన వలయాలు కూడా తెరుచుకుంటాయి, మెత్తబడే ఉష్ణోగ్రత పైకి జరుగుతుంది. కార్ఖానాలు దీనికి ఓవెన్లు వాడతాయి. మనం ఒక రోజు నీడలో గట్టిపడనిచ్చి, ఆ తర్వాత ఏ భారమూ లేకుండా రెండు మూడు మధ్యాహ్నాలు నల్లరంగు వేసిన రేకు డబ్బాలో ఎండబెడితే చాలావరకు అదే ఫలం. కలిపే పని మాత్రం ఎండలో పెట్టుకోకూడదు. పది డిగ్రీలు పెరిగితే చర్య వేగం దాదాపు రెట్టింపవుతుంది. గిన్నెలో ఎక్కువ కలిపితే దాని వేడికి అదే మరిగి పొగలు కక్కుతుంది.

నాలుగో దొంగ కాలం. వరంగల్‌లో ఇంజనీరింగ్ కాలేజీలకు కొదవలేదు. వాటి ల్యాబుల్లో అతికిన పట్టీని యంత్రానికి బిగించి లాగి, ఎన్ని కేజీల దగ్గర తెగిందో రాసుకుంటారు. ఆ పరీక్ష నిమిషం సేపటిది. లాంచరులో పీడనం కూడా నిమిషం సేపే ఉంటుంది కాబట్టి దానికి ఆ అంకె కొంతవరకు సరిపోతుంది. అదే అతుకును ఎప్పుడూ పీడనంలో ఉండే చోట, చిన్న ట్యాంకుకో వేలాడే లైనుకో, పెడితే ఆ అంకెను నమ్మడానికి లేదు. భారం ఆగకుండా ఉంటే ఎపాక్సీ మెల్లగా సాగుతూ పోతుంది. ఇంజనీర్లు దీన్నే క్రీప్ అంటారు.

2006 జూలై 10న అమెరికాలోని బోస్టన్‌లో ఒక రోడ్డు సొరంగం పైకప్పు నుంచి సుమారు 26 టన్నుల కాంక్రీటు పలకలు కింద వెళ్తున్న కారు మీద పడ్డాయి. ఒకరు చనిపోయారు. పలకల్ని వేలాడదీసిన ఉక్కు బోల్టుల్ని కాంక్రీటు రంధ్రాల్లో ఎపాక్సీతో నిలిపారు. పెట్టినప్పుడు లాగి చూస్తే నిలిచాయి. దర్యాప్తు చేసిన జాతీయ రవాణా భద్రతా మండలి, తొందరగా గట్టిపడే రకం ఎపాక్సీ నిరంతర భారం కింద సాగి బోల్టుల్ని మెల్లగా వదిలేసిందని 2007లో తేల్చింది. నిర్మాణ సమయంలోనే కొన్ని బోల్టులు కాస్త కిందికి జారినట్టు గమనించారు కూడా. అక్కడ గాలి పీడనం లేదు, వానా ఎండా లేవు. బరువూ కాలమూ మాత్రమే.

ఇంకో మోసం పరిమాణానిది. ఒక సెంటీమీటరు గొట్టంతో విజయం సాధించినవాడు పది సెంటీమీటర్ల గొట్టానికి వెళ్తాడు. వ్యాసం పది రెట్లయితే జిగురు వైశాల్యం పది రెట్లే పెరుగుతుంది, తోపు మాత్రం వంద రెట్లవుతుంది. అదే పది కేజీల గాలికి ఆ గొట్టం కొసనున్న మూత మీద దాదాపు 785 కేజీలు. ఎనభై రెట్లు కాస్తా తొమ్మిదికి దిగుతాయి. చెయ్యి, తేమ, ఎండ, కాలం తమ వాటా తీసుకున్నాక ఏమీ మిగలదు. గాలి నిలవుంచే ట్యాంకు మూతను జిగురుతో అతకొద్దు. అందుకు పీవీసీ పైపు అసలే వాడొద్దు, అది చీలితే ముక్కలు కత్తుల్లా ఎగురుతాయి.

ఊడితే ఏమవుతుందన్నది లోపల ఏముందో దాన్ని బట్టి ఉంటుంది. ఒక లీటరు పాత్రలో పది కేజీల గాలి ఉంటే, ఒక్కసారి బయటపడినప్పుడు విడుదలయ్యే శక్తి దాదాపు 1,400 జౌళ్లు. క్వింటాలు బస్తాను మీటరున్నర ఎత్తుకు విసరడానికి దాదాపు సరిపడా. అదే పాత్ర నిండా నీళ్లు నింపి, గాలి చుక్క లేకుండా, అదే పది కేజీలకు తెస్తే దాచుకునే శక్తి పావు జౌలు లోపే. నీరు దాదాపు నలగదు కాబట్టి దాచుకునేదేమీ ఉండదు. అతుకు ఊడితే ఒక్కసారి చిమ్మి ఊరుకుంటుంది. గ్యాస్ సిలిండర్లను నీటితోనే పరీక్షించడం ఇందుకే.

కాజీపేటలో రైలు ఆగినప్పుడు పెట్టెల కింద నుంచి వినబడే బుస్సుమనే చప్పుడు ఐదు కేజీల గాలిది. ఇంజను నుంచి చివరి పెట్టె దాకా సాగే బ్రేకు పైపులో మామూలుగా ఉండే పీడనం అంతే. అన్నన్ని పెట్టెల మధ్య రబ్బరు హోసులు, కప్లింగులు, మరలు, ఫ్లాంజీలు. ఎక్కడో ఒకచోట అతుకు వదలకుండా ఉంటుందా? జార్జి వెస్టింగ్‌హౌస్ 1872లో వదులుతుందనే లెక్కతోనే తన ఆటోమేటిక్ బ్రేకును రూపొందించాడు. గాలి ఉంటే బ్రేకులు వదులుగా ఉంటాయి, పైపు ఊడి గాలి పోతే బ్రేకులు పడతాయి. రైలు ఆగిపోతుంది, ప్రయాణికులు విసుక్కుంటారు, అంతే. నా దృష్టిలో ఇది ఏ జిగురు కనుగొన్నదానికంటే పెద్ద ఆలోచన.

లాంచరు కట్టే కుర్రాడు చేయగలిగింది కూడా ఆ తీరులోనే ఉంది. గాలి పట్టే చోటు వీలైనంత తక్కువగా ఉంచాలి, అంటే సన్నని గొట్టం, చిన్న సీసా. పంపు వైపు తక్కువ పీడనానికే తెరుచుకునే సేఫ్టీ వాల్వు పెట్టాలి. ఊడే కొస మనుషుల వైపు ఉండకూడదు. సీసాకు దూరంగా నిలబడి తాడుతో వదలాలి. గొట్టాన్ని క్లాంపు మోయాలి, జిగురుకు కారకుండా ఆపే పని మాత్రమే మిగలాలి. నల్లా మీద ఎంసీల్ ఏళ్ల తరబడి నిలవడానికి కారణం అదే, అక్కడ పట్టు పని పైపు మరలు చేస్తున్నాయి.

మొదటి పరీక్ష నీళ్లతో. సీసా తీసేసి ఆ కొసకు బిరడా బిగించి, గొట్టమంతా నీళ్లు నింపి, బుడగలు పోయేదాకా తట్టి, వాడబోయే పీడనానికి ఒకటిన్నర రెట్లు పెంచి పది నిమిషాలు ఉంచాలి. ప్రెషర్ గేజి ముల్లు దిగకూడదు. తర్వాత తక్కువ గాలితో సబ్బు నురగ పరీక్ష. అదయ్యాక ఫిట్టింగ్ పెదవి దగ్గర గొట్టం మీద సూదితో సన్నని గీత ఒకటి గీసి, అతుకును ఎండాకాలం గడవనివ్వాలి. గీత పెదవి నుంచి వెంట్రుకవాసి జరిగినా అతుకు సాగుతోందన్నమాట. దాని మీద ఇంకో పొర పూయడం దండగ. హాక్సా బ్లేడుతో ఫిట్టింగ్ దాకా కోసేసి, కొత్త గొట్టంతో, నూనె తుడవడం నుంచి మళ్లీ మొదలుపెట్టాలి.